హుర్మేలా పక్షి వాలిన చోటు

"మన ఆఫీసు సెలీనా అవతలివాళ్ల మనిషి," అంది చీఫ్ కెర్త్తు ఫోన్‌లో. "ఇప్పుడే తేలింది. కోడ్ వర్డ్ ఆమె చేతికి చిక్కింది. అది ఎక్కడ పెట్టామో మాత్రం తెలియదు. నువ్వెక్కడ?"

"హాంకోలో. పక్షుల క్లబ్బులో."

"కదలకు. పడవ చేరేదాకా ఎడ్గార్స్ ప్రాణం నీ పూచీ."

ఏజెంట్ ఇల్పో ఫోన్ జేబులో వేసుకున్నాడు. మెడలో బైనాక్యులర్స్, ఒంటిమీద పచ్చకోటు. చూసేవాళ్లకు అతనో పక్షుల పిచ్చివాడు. ఎడ్గార్స్ విదేశీ ముఠా గుట్టు పట్టుకుని పారిపోయి వచ్చినవాడు. పడమటి రేవు దగ్గర ఎర్ర షెడ్డులో పడవ కోసం కూచున్నాడు. ఫోన్ సముద్రంలో పారేశాడు. షెడ్డు ఊరికి అవతల. హెచ్చరించే దారి లేదు.

పడవవాళ్ల కోసం ఆ చోటును నిన్న క్లబ్బు వెబ్‌సైట్ మ్యాప్‌లో దాచారు; వాళ్లు చూసేసుకున్నారు కూడా. ఏ చుక్కను నొక్కినా అక్కడ కనిపించిన పక్షి వివరం తెరుచుకుంటుంది. లోకంలో లేని హుర్మేలా పక్షే కోడ్ వర్డ్. సెర్చ్ ఇంజిన్ కోసం పేజీలు చదివిపోయే క్రాలర్ అనే యంత్రం చుక్కల్ని నొక్కదు. ఇల్పో దాన్ని ముందే పరీక్షించాడు. ఓ చుక్క కింద తుప్పిక్కో అనే అర్థంలేని మాట పెట్టి వారాల తరబడి వెతికాడు. దొరకలేదు.

ఎందుకైనా మంచిదని మళ్లీ వెతికాడు.

దొరికింది.

హుర్మేలా అని కొట్టాడు. నిన్న పెట్టిన మాట మొదటి వరుసలోనే వచ్చింది: హుర్మేలా, పడమటి రేవు, ఎర్ర షెడ్డు.

"వెయిక్కో," అన్నాడు, కాఫీ వంచుతున్న క్లబ్బు ముసలి సెక్రటరీతో. "మ్యాప్‌ను ఏం చేశావు?"

"ఏం చేశాను? మన క్లబ్బు ఆల్లీకి చూపు పోయింది కదా. కంప్యూటర్ చదివి పెడితే వింటుంది. చుక్కలెక్కడ నొక్కుతుంది పాపం? అందుకని చుక్కల్లో ఉన్నదంతా పేజీ కింద మామూలు రాతలో కూడా వచ్చేట్టు పెట్టాను. మీటింగులో చెప్పానుగా. నువ్వు నిద్రపోతున్నావు."

ఇల్పో కంప్యూటర్ ముందుకు జరిగాడు. చెరిపేసి లాభం లేదు. క్రాలర్ మళ్లీ వచ్చి చూసేదాకా సెర్చ్ ఇంజిన్ పాతమాటే చెబుతుంది. ఎర్ర షెడ్డు తీసేసి 'తూర్పు రేవు, ఆవిరి స్నానాల గది' అని రాశాడు.

"క్రాలర్‌ను పిలవగలవా?"

"పిలుస్తాను. వచ్చేదీ రానిదీ దాని ఇష్టం." వెయిక్కో తన కంప్యూటర్‌లో కబురు పెట్టాడు.

అప్పుడే ఫోన్ మోగింది. సెలీనా. ఆ గొంతుకు హెల్సింకీలో సగంమంది ఆఫీసర్లు కరిగిపోయారు.

"ఇల్పో, మన అతిథికి మందులు తెచ్చాను. ఎక్కడున్నాడు?"

ఆమె వెనక కారు ఇంజిన్ చప్పుడు, మగగొంతులు. ఫోన్ పెట్టేస్తే ఆమె చేసే మొదటి పని హుర్మేలా అని వెతకడమే.

"చెప్తాను," అన్నాడు. తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. పుట్టి బుద్ధెరిగి అతను ఫోన్‌లో నాలుగు ముక్కలకు మించి మాట్లాడి ఎరగడు. "ముందు... మా అమ్మ బంగాళదుంపల సంగతి విను."

"ఏమిటీ?"

"ఈ ఏడు పురుగు పట్టింది. వానలు ఎక్కువ."

వెయిక్కో చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. ఇల్పో చెప్పుకుపోయాడు. పురుగు రంగు చెప్పాడు, పొరుగువాడి కుక్క సంగతి చెప్పాడు, బావమరిది పడవకు పడ్డ చిల్లు సంగతి చెప్పాడు. చెమట కాలర్‌లోకి కారుతోంది. ఎక్కడో చోటు పేరు జారకపోతుందా అని ఆమె వింటోంది.

"తాగావా నువ్వు?" అంది చివరికి. "చెప్పకపోతే పో, నేనే వెతుక్కుంటాను."

కీబోర్డు టకటక వినిపించింది.

"క్రాలర్ వచ్చింది," తన తెర చూస్తూ వెయిక్కో గొణిగాడు. "చదివి పోయింది."

ఇల్పో తన తెరమీద హుర్మేలా అని కొట్టాడు. ఎర్ర షెడ్డు. మళ్లీ కొట్టాడు. ఎర్ర షెడ్డు. గుండె చప్పుడు ఫోన్‌లో వినపడుతుందేమోనని భయం వేసింది. మళ్లీ కొట్టాడు.

తూర్పు రేవు.

అవతల టకటక ఆగింది. "అక్కర్లేదులే, ఇల్పో. దొరికింది," అని ఆమె నవ్వి పెట్టేసింది.

పడవ ఎడ్గార్స్‌ను ఎక్కించుకునే వేళకు, సెలీనా ముగ్గురు మనుషులతో, పిస్తోళ్లతో తూర్పు రేవు ఆవిరి గది తలుపు తోసింది. అది తీర రక్షక దళం వాళ్లది. డ్యూటీ దిగినవాళ్లు తువ్వాళ్లతో లోపలున్నారు, డ్యూటీలో ఉన్నవాళ్లు తుపాకులతో బయట. సెలీనా ఫోన్ పెట్టగానే ఇల్పో వాళ్లకు కబురు పెట్టాడు.

సాయంత్రం కెర్త్తు ఫోన్ చేసింది. "ఆమెతో అంతసేపు మాట్లాడావట. ఇన్నేళ్లలో నాతో ఒక్కసారైనా అలా మాట్లాడావా?"

ఇల్పో మెడలోంచి బైనాక్యులర్స్ తీసి బల్లమీద పెట్టాడు.

"నువ్వు నన్నెప్పుడూ అంతగా భయపెట్టలేదు, కెర్త్తూ."