తెగిన కాయిల్

రావులపాలెం రేడియో మెకానిక్ జీవరాజు శవం సోమవారం కాలవలో తేలింది. కాలు జారి ఉంటాడన్నారు ఊళ్లో వాళ్లు. అతని మెడ మీద సూది మచ్చ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు నిఘా విభాగం చీఫ్ రమ్యశ్రీ. రెండోవాడు ఏజెంట్ జాషువా.

"అతను మన మనిషా మేడమ్?"

"కాదు సార్. నిజంగా మెకానిక్కే, పాపం. ముఠావాళ్ల రేడియో బాగుచేస్తూ, చూడకూడనిది చూశాడు."

కారు రాజమండ్రి నుంచి కొవ్వూరు వైపు వంతెన మీద పోతోంది. జాషువాకు యాభై తొమ్మిదేళ్లు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో పదకొండు మారువేషాలు వేశాడు. పన్నెండోది ఈ గళ్ల చొక్కా, టూల్ బ్యాగు, ముక్కు మీదికి జారే కళ్లజోడు. మోకాలి నొప్పి మాత్రం వేషం కాదు. రేడియో పనీ వేషం కాదు, తండ్రి దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

"ఉదయభాస్కర్ అన్న పేరుతో ఒకడు పాత సామాన్ల వ్యాపారం చేస్తున్నాడు. విదేశీ ముఠాకి ఇక్కడ వాడే హెడ్," అంది రమ్యశ్రీ. "రావులపాలెం అరటి మార్కెట్లో ఒక లారీలో బాంబు పెట్టారు. ఏ లారీయో వాడికీ తెలీదు. ఫోన్లో చెప్తే మనం వింటామని, పది గంటలకి షార్ట్‌వేవ్‌లో చెప్తారు. లారీ నెంబరు, తర్వాత నాలుగంకెల కోడ్. రెండూ ఫోన్లో కొడితే పేలుతుంది. వాళ్ల పాత వాల్వ్ రేడియోలో, ఆ రహస్య మాటల్ని విప్పే డీకోడర్ ఉంది. వేరే రేడియోలో అదంతా ఉత్త గరగరే."

"అంటే నెంబరు మనకి వినపడాలి. కోడ్ వాడికి వినపడకూడదు."

"అంతే. మీ చొక్కా గుండీలో మైకుంది. లోపల వాడి మనిషి నీలవేణి ఉంటుంది, మనకీ పనిచేస్తోంది. రేడియో కాయిల్ చెడగొడతానంది, మెకానిక్‌ని పిలిపించడానికి."

"ఆవిడని నమ్మొచ్చా?"

"మనకి ఒకసారి నిజం చెప్పింది సార్. వాళ్లకి రెండుసార్లు."

జాషువా కిటికీలోంచి గోదావరిని చూస్తూ ఆవులించాడు.

తొమ్మిదిన్నరకు కొవ్వూరులో ఉదయభాస్కర్ బంగళా తలుపు తీసింది నీలవేణి. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు.

"పూతరేకులు తింటారాండి?"

"షుగరండి. బెల్లంవైతే ఒకటి."

సంకేతం సరిపోయింది. ఆమె పక్కకు తప్పుకుంది.

"పిడుగు పడింది. అప్పట్నించీ పలకట్లేదు," అన్నాడు హాల్లో రేడియో పక్కన నిలబడ్డ ఉదయభాస్కర్. "పదింటికల్లా పలకాలి."

జాషువా సెట్ వెనక అట్ట విప్పాడు. యాంటెన్నా కాయిల్ మీద చూపు ఆగింది. పిడుగుకి పోయిన కాయిల్ నల్లగా మాడాలి. ఇది బ్లేడుతో కోసినట్టు తెగి ఉంది. ఉదయభాస్కర్ ఒక్కసారి వంగి చూస్తే నీలవేణి పని అయిపోయినట్టే.

"ఏంటయ్యా, ఏం పోయింది?" ఉదయభాస్కర్ దగ్గరకు వస్తున్నాడు.

జాషువా వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్‌ని తెగిన చోట ఆనించాడు. తీగ మీది మైనం చిటపటలాడి పొగ లేచింది.

"చూడండి, ఎలా మాడిందో! పిడుగేనండి. మళ్లీ చుట్టాలి."

పాత తీగ విప్పి, చుట్లు లెక్కపెట్టి, జుట్టంత సన్నటి కొత్త తీగ చుట్టడం మొదలుపెట్టాడు. కళ్లు మసకలు కమ్మాయి, మెడ పట్టేసింది. జీవరాజు కూడా ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటాడు. అతనికి మాత్రం బయట కారులో ఎవరూ లేరు.

పదికి నిమిషం ఉందనగా చుట్టడం అయింది. చివరి కొసకు కావాలనే సోల్డర్ పెట్టి అతకలేదు.

"జాయింటు కుదరట్లేదండి. బొటనవేలితో నొక్కి పట్టుకుంటాను, వినండి."

వాల్వులు ఎర్రబడ్డాయి. ఆడగొంతు పలికింది.

"వెహికల్. సెవెన్, టూ, ఫోర్, నైన్. కోడ్."

జాషువా వేలు ఎత్తాడు. చెమటకు తీగ వేలికి అంటుకుపోయింది.

"త్రీ, వన్, సిక్స్..."

విదిలించాడు. రేడియో మూగబోయింది.

ఉదయభాస్కర్ అతన్ని ఒక్క క్షణం చూసి నవ్వాడు. "ఒక్క అంకేగా. పదిసార్లు కొడితే చాలు. నీలవేణీ, వీణ్ణి కాల్చెయ్."

ఫోన్ తీసి లారీ నెంబరు కొట్టాడు. తర్వాత కోడ్, చివర సున్నా. మళ్లీ కోడ్, చివర ఒకటి. నీలవేణి పిస్టల్ జాషువా నుదుటికి గురిపెట్టి ఉంది. రెండు. మూడు. ఆమె తల ఒకసారి ఫోన్ వైపు తిరిగింది.

"అమ్మా, త్వరగా తేల్చుకోండి," అన్నాడు జాషువా నీరసంగా. "ఎటైనా సరే."

నాలుగు. ఐదు.

పిస్టల్ పేలింది. ఉదయభాస్కర్ చేతిలో ఫోన్ ముక్కలైంది. రక్తం కారే చేత్తో అతను మోకాళ్ల మీద కూలాడు. తలుపులు బద్దలుకొట్టుకుని పోలీసులు లోపలికి వచ్చారు.

పావుగంటకు బయట కారులోంచి రమ్యశ్రీ ఫోన్ చేసింది.

"మార్కెట్లో మనవాళ్లకి లారీ దొరికింది సార్. బాంబు పీకేశారు. కోడ్ చివరి అంకె ఆరంట."

జాషువా ఫోన్ పెట్టేశాడు. ఎదురుగా నీలవేణి నల్ల కళ్లద్దాలు తీసి, గోడకు ఆనుకుని, నేల మీద కూర్చుని ఏడుస్తోంది. అతను వెళ్లి పక్కన కూర్చున్నాడు. మోకాలు కటుక్కుమంది.

"ఇప్పుడు మాకూ రెండుసార్లు నిజం చెప్పినట్టే," అన్నాడు మెల్లగా.

అప్పటిదాకా రేడియో చుట్టూ తిరుగుతున్న హెడ్ కానిస్టేబుల్ దగ్గరకొచ్చాడు.

"మెకానిక్ గారూ, మా ఇంట్లో కూడా ఇలాంటిదొకటుందండి. మా తాతగారిది. ఒకసారి చూస్తారా?"

తను మెకానిక్‌ని కాదని చెప్పే ఓపిక జాషువాకు లేదు.

"ఏ బ్యాండ్ పోయిందండి?" అన్నాడు.