పంటు మీద టీచరు

మంగళవారం ఉదయం సత్యదుర్గ అరుగు పక్కన కూర్చుని చేపలు తోముతోంది. సఖినేటిపల్లి రేవుకు దగ్గర్లో ఇల్లు. భర్త గంగబాబు వేటకు వెళ్ళి రెండు రోజులైంది. అత్త వరహాలమ్మ లోపల ఇస్త్రీ చీర కట్టుకుంటోంది. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ప్రతి మంగళవారం ఆమె రేవులో పంటు పడవ ఎక్కి గోదావరి దాటి నరసాపురం ఆసుపత్రికి వెళ్తుంది.

గేటు దగ్గర ఒక పెద్దాయన ఆగాడు.

"వరహాలమ్మ టీచరు గారిల్లు ఇదేనాండీ?"

"వరహాలమ్మ గారిల్లేనండి. టీచర్లెవరూ లేరండి."

"కళ్ళజోడు పెట్టుకుంటారు. మంగళవారాలు పంటు మీద కనపడతారు. నా పేరు సుబ్బరాజండి, మాది నరసాపురం. రేపు మా మనవరాలికి అక్షరాభ్యాసం. టీచరు గారి చేత రాయిద్దామని పిలవడానికొచ్చేను."

సత్యదుర్గ చేతిలో చేప జారిపోయింది. అత్తకు ఒక్క అక్షరం రాదు.

"కూర్చోండి," అని లోపలికి వెళ్ళింది.

వరహాలమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అంతా విన్నది.

"ఏంటత్తయ్యా ఇది? మీరెళ్ళేది ఆసుపత్రికి కాదా?"

"అక్కడ చూపించుకోడం రెండు నెలల్లో అయిపోయిందే."

"మరి ఏడాదిగా ఎక్కడికెళ్తున్నారు?"

"ఎక్కడికీ లేదు. వెళ్ళడం, రావడం. మొదటిసారి పంటు మీద ఈ రాజుగారు ఏదో అడిగేరు. ఇంజను మోతలో వినపడక ఆయ్ అని తలూపేను. లేచి బల్ల మీద చోటిచ్చేరు. దిగేటప్పుడు, జాగ్రత్తండి టీచరు గారూ అన్నారు. అప్పుడర్థమైంది ఏమడిగేరో."

"కాదని చెప్పొచ్చుగా."

"నలభై ఏళ్ళు చేపల తట్టతో ఆ పంటే ఎక్కేనే. వాసనని పక్కకి జరిగినోళ్ళే గానీ, లెగిసి చోటిచ్చినోళ్ళు లేరు."

"బానే ఉంది. రేపు ఆ పసిదాని వేలు పట్టుకుని ఏం రాయిస్తారు?"

వరహాలమ్మ కళ్ళజోడు తీసి మంచం మీద పెట్టి బయటికి వెళ్ళింది.

"రాజుగారూ, నేను టీచర్ని కాదండి. చేపలమ్ముకునేదాన్ని. నాకు చదువు రాదండి."

సుబ్బరాజు లేచాడు.

"పిల్లకి మీ పేరు చెప్పేనండి."

"టీచరు ఊరెళ్ళిపోయిందని చెప్పండి."

ఆయన తల ఊపి గేటు దాటాడు. వెనక్కి చూడలేదు.

వరహాలమ్మ అరుగు మీద కూర్చుంది. "ఇంక ఆ పంటు ఎక్కలేనే," అంది.

సత్యదుర్గ పది పాసైంది. ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్ళు. బ్యాంకుకు వెళ్ళిన ప్రతిసారీ అత్త బొటనవేలు పట్టుకుని, ఇంకు అద్ది, కాగితం మీద తనే నొక్కించింది. ఆ చేత్తో అక్షరం రాయించవచ్చని ఏ రోజూ తోచలేదు.

చేతులు కడుక్కుంది. చేటలో బియ్యం పోసుకుని వచ్చి అత్త ముందు పెట్టింది.

"వేలు ఇలా ఇవ్వండి అత్తయ్యా."

వరహాలమ్మ బొటనవేలు చాపింది.

సత్యదుర్గకు ఏడుపు ఆగలేదు. ఆ వేలిని మడిచి, చూపుడువేలు పట్టుకుంది.