పేరు పెట్టి పిలిచే బావి

పెద్దపంజాణి దాటినాక తార్రోడ్డు వదిలి లోపలికి తిరిగితే ఒక మట్టిదోవ వస్తుంది. ఆ దోవకు ఎడమపక్క, కంపచెట్ల మధ్యలో ఒక పాత మోటబావి. పొద్దు వాలినాక ఆ పక్కకు ఎవరూ పోరు. పాలవ్యాను కూడా చుట్టు తిరిగి పోతుంది.

ఆ బావిలో ఏదో ఉందంటారు.

అది ఏడవదట. ఎవరికీ కనబడదట. పిలుస్తుందట... అంతే. మనింట్లో మనిషి గొంతుతో, మన పేరు పెట్టి. పలికితే తెల్లారేసరికి బావిలో తేలతామట. పలక్కపోయినా సరే — నిలబడి వెనక్కి చూస్తే చాలునట.

నాకిది చెప్పింది రేవతి. కుప్పంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో మేమిద్దరం కలిసి పని చేస్తాం. వాళ్ళది ఆ ఊరే. ఆ బావి ఉండే చేను కూడా వాళ్ళదే. ఒక్కసారే చెప్పింది. మళ్ళీ అడిగే ధైర్యం నాకు రాలేదు.

ముందు చేను సంగతి చెప్పాలి.

రేవతి అమ్మమ్మ పూలమ్మ ఊర్లో నారాయణస్వామి వాళ్ళ ఇంటికి కూలికి పోయేది. గొర్రెలు మేపి, గొర్రెలమ్మి, నారాయణస్వామి తండ్రి దగ్గరే ఆ రెండెకరాలు కొనింది. రిజిస్టరు కూడా చేయించుకుంది. కాగితం చేతికొచ్చింది కాబట్టి పనైపోయిందనుకుంది. రిజిస్టరు ఆఫీసులో రాయించడం ఒకటి, రెవెన్యూ రికార్డులో పేరు మార్పించుకోవడం ఇంకొకటి అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తర్వాత ఒక ఎండాకాలం కొట్టం కాలిపోయింది. దాంతోపాటు కాగితమూ పోయింది.

పూలమ్మ పోయినాక ఆమె కూతురు అంకమ్మ ఆ చేనే నమ్ముకుంది. మొగుడు రేవతి చిన్నప్పుడే పోయాడు. వాన పడితే వేరుశెనగ, బోరు పలికితే టమేటా. ఆ టమేటాలు మదనపల్లె మార్కెట్టుకు తోలి రేవతిని చదివించింది.

కొత్త రోడ్డు ఆ పక్కగా పోతుందని తెలిసినాక, నారాయణస్వామి ఒకరోజు వచ్చి అంకమ్మ చేని గెనిమ గట్టు మీద నిలబడ్డాడు.

"ఈ సేను మాదే కదా అంకమ్మా. పాపం, పైరు పెట్టుకోని తినమని ఇడిసిపెట్టినాము. ఇంక సాలు."

అంకమ్మ నవ్వేసింది. రేవతి నవ్వలేదు. ఫోనులో సర్వే నంబరు కొట్టి చూసింది. భూమి ఇంకా నారాయణస్వామి తండ్రి పేరు మీదే ఉంది.

మదనపల్లెలో గంగాధర్ అనే దస్తావేజు లేఖరి ఆమెకు దారి చూపించాడు. "ఒరిజినల్ కాలిపోతే ఏమమ్మా, రిజిస్టరు ఆఫీసులో నకలు ఉంటాది కదా. సర్వే నంబరు పెట్టి ఈసీ అడుగు, బూమి ఎవురెవురి చేతులు మారిందో దాంట్లో ఉంటాది. పాతవి కంప్యూటర్లో రావు, పుస్తకాల్లో ఎతకమని అర్జీ పెట్టు. దస్తావేజు నంబరు దొరికితే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. అది పెట్టి మీ ఊరి సచివాలయంలో పేరు మార్చే మ్యుటేషనుకు అప్లై సెయ్యి. నోటీసు అంటిస్తారు, సర్వేయరు వస్తాడు. హద్దురాళ్ళు సూపిస్తే పేరెక్కుతాది."

చెప్పినంత సులువుగా జరగలేదు. సెలవు దొరికినప్పుడల్లా రేవతి కుప్పం నుంచి బస్సెక్కేది. ఒకసారి దొరకలేదన్నారు. ఇంకోసారి ఆ పేరే లేదన్నారు. చివరికి తేలిందేమంటే, పాత పుస్తకంలో పూలమ్మను 'పుల్లమ్మ' అని రాసుకున్నారు. ఆ పేరుతో వెతికితే దొరికింది — అమ్మమ్మ వేలిముద్రతో సహా.

మ్యుటేషనుకు అర్జీ పెట్టింది. నోటీసు ఊరికి వచ్చింది.

బావి పిలవడం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే.

మొదట విన్నది నారాయణస్వామే. ఎప్పుడో పోయిన తన చెల్లెలు బావిలో నుంచి "అన్నా" అని పిలిచిందని, రచ్చబండ కాడ అందరి ముందూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అంత పెద్దమనిషి ఏడిస్తే ఎవరు నమ్మరు? ఆ తర్వాత ఒక్కొక్కరే విన్నామన్నారు. ఒకరికి అవ్వ గొంతు, ఒకరికి బిడ్డ గొంతు.

అంకమ్మ ఒక్కతే నమ్మలేదు. "నా సేన్లో దెయ్యమా? నాకు తెలీకుండా ఎప్పుడొచ్చిందప్పా?" అనేది.

రేవతి ఊరికి వచ్చినప్పుడు నారాయణస్వామి ఆమెను పిలిచి మరీ చెప్పాడు. "పాపా, నువ్వు రాత్రుల్లో బండి మీద తిరుగుతావు. ఆ బాయి కాడ మీ అమ్మ గొంతే ఇనపడినా సరే... నిలవొద్దు. ఎనక్కి తిరిగి సూడొద్దు. సదువుకున్నేదానివని పంతానికి పోవద్దు."

సర్వేయరు వచ్చే ముందు రోజు సాయంత్రం, రేవతి డ్యూటీ దిగి బస్సెక్కింది. సర్టిఫైడ్ కాపీ కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. పలమనేరులో బస్సు చాలాసేపు ఆగిపోయింది. పుంగనూరులో దిగి, తెలిసినవాళ్ళ అంగడి ముందు పెట్టిన స్కూటీ తీసేసరికి ఊరు మూతపడుతూ ఉంది. అమ్మకు ఫోన్ చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. అంకమ్మ పెందలాడే పడుకుంటుంది, అది మామూలే.

పెద్దపంజాణి దాటినాక చినుకులు మొదలైనాయి. చుట్టుదోవ అయితే కాగితం తడుస్తుంది. ఒక్క నిమిషం ఆలోచించి — మట్టిదోవ పట్టింది.

చీకటి... కంపచెట్లు... స్కూటీ లైటులో గుంతలు తప్ప ఏమీ కనబడడం లేదు.

బావి దగ్గరకొచ్చింది.

"పాపా..."

రేవతి బ్రేకు మీద వేళ్ళు పెట్టింది.

"రేవతీ... పాపా... ఈడ... ఈడుండా నేను..."

అమ్మ గొంతే. అచ్చం అమ్మ గొంతే. కాకపోతే లోతు నుంచి, రాళ్ళకు తగిలి, బొంగురుగా...

బండి ఒక్క క్షణం నెమ్మదించింది. తర్వాత యాక్సిలేటరు చివరంటా తిప్పేసింది. వెనక్కి చూడలేదు. గొంతు వెంట వచ్చింది — "పాపా, పోవద్దే..." — వచ్చి వచ్చి, వానలో కలిసిపోయింది.

ఇంటి ముందు బండి ఆపి, "అమ్మా!" అని అరిచింది.

తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉంది.

ఆ అరుపుకు పక్కింటి కుప్పమ్మ లాంతరు తీసుకుని బయటికొచ్చింది. "మీ అమ్మ ఇంకా రాలేదా? సందకాడ, పొద్దు మునిగేటప్పుడు, కొడవలి తీసుకోని పోతాండె. రేపు సర్వేయరు వస్తాడు, హద్దురాయి కంపలో మునిగిపోయుండాది, ఆ కంప కొట్టాలనె. తోడు రమ్మని అందరినీ పిలిసె. ఆ బాయి కాడికి ఎవురు పోతారమ్మా?"

రేవతి వచ్చిన దోవ వైపు తిరిగింది.

"అయితే... అది అమ్మే" అంది. "నన్ను పిలిచింది అమ్మే!"

పరుగెత్తబోయింది. కుప్పమ్మ రెండు చేతులతో నడుము పట్టుకుంది. కుప్పమ్మ మొగుడు బాలప్ప అడ్డం వచ్చాడు. ఇద్దరూ రేవతిని ఎత్తుకుని పెంచినవాళ్ళే.

"ఏం పిలిసింది నిన్ను?" బాలప్ప గుసగుసగా అడిగాడు.

"రేవతీ అనింది. పాపా అనింది. ఇడవప్పా నన్ను!"

బాలప్ప ఆమె భుజం పట్టుకున్నాడు. "సూడమ్మా... బాయిలో పడినోళ్ళకు పైన సీకట్లో దోవన పొయ్యేది ఎవురో ఎట్లా తెలుస్తాది? నీదే బండి అని ఎట్లా తెలుస్తాది? మీ అమ్మకు తెలీదు... దానికే తెలుస్తాది."

ఆ మాట దగ్గరే ఒక్క క్షణం ఆగిపోయానని, ఆ క్షణాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదని రేవతి నాతో చెప్పింది.

అంతలో నారాయణస్వామి వచ్చాడు. టార్చి ఆర్పి, గొడుగు మడిచి, అంతా నెమ్మదిగా విన్నాడు.

"ఎవురూ పోవద్దండి" అన్నాడు. "పిల్లను లోపల పెట్టి తలుపెయ్యండి. అది ఈ పొద్దు ఈ పిల్లకోసరమే వచ్చుండాది. అంకమ్మ యాడో సుట్టాలింటికి పొయ్యుంటాది."

"పోలీసులకు ఫోన్ చెయ్యండి... ఫైరింజనుకు చెయ్యండి..." రేవతి ఏడుస్తోంది. పెనుగులాటలో ఆమె ఫోను కింద పడింది. నారాయణస్వామే తీసి, తుడిచి, జేబులో వేసుకున్నాడు. "నేను సేస్తా పాపా" అని వాకిట్లోకి పోయి, కాసేపటికి వచ్చాడు. "సేసినా. తెల్లారతానే వస్తామనిరి."

రేవతిని లోపల పెట్టి గొళ్ళెం వేశారు. కుప్పమ్మ కూడా లోపలే కూర్చుంది. రేవతి తలుపు బాదింది. గోళ్ళు ఊడిపోయేదాకా గీకింది. తర్వాత చేతకాక కుప్పమ్మ ఒళ్ళో పడిపోయింది.

వాన ఆగింది. ఊరంతా నిశ్శబ్దం...

అప్పుడు వినపడింది. చేల మీదుగా, సన్నగా.

"పాపా..."

కుప్పమ్మ తన రెండు అరచేతులతో రేవతి చెవులు మూసేసింది. ఎంత గట్టిగా మూసిందంటే, తెల్లారి చూస్తే చెవుల వెనక గోళ్ళ గాట్లు. ప్రేమతోనే మూసింది. "ఇనొద్దమ్మా... నా తల్లే... ఇనొద్దు..." అంటూ రాత్రంతా ఏడుస్తూనే ఉంది.

కోడి కూసే ముందు, ఆ పిలుపు ఆగిపోయింది.

తెల్లారినాక అందరూ గుంపుగా పోయారు. బావి గట్టు ఒకపక్క కొత్తగా విరిగి ఉంది. కొట్టిన కంప కుప్పగా పడి ఉంది. హద్దురాయి శుభ్రంగా, వాన నీళ్ళకు కడిగినట్టు నిలబడి ఉంది.

అంకమ్మ బావి లోపల రాతిమెట్టు మీద ఉంది. నడుము విరిగి, సగం నీళ్ళలో, ఒక చెయ్యి రాతిగోడ సందులో ఇరికించుకుని. తాళ్ళు కట్టి పైకి తీసేసరికి ప్రాణం లేదు.

రేవతి తల్లి చంక కింద చెయ్యి పెట్టి చూసింది. ఆస్పత్రిలో పని చేసే పిల్ల, తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఒళ్ళు అక్కడ ఇంకా వెచ్చగానే ఉంది.

"బాయి మింగేసింది" అన్నారు ఊరివాళ్ళు. తెల్లారతానే వస్తామన్న పోలీసులు ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. శవాన్ని మోసినవాళ్ళలో నారాయణస్వామి కూడా ఉన్నాడు.

సర్వే వాయిదా పడింది. డెత్ సర్టిఫికెట్టు, వారసత్వం సర్టిఫికెట్టు — మళ్ళీ ఆఫీసులు, మళ్ళీ అర్జీలు. రేవతి ఏడవకుండా అన్నీ తిరిగింది. సర్వేయరు వచ్చి, గొలుసు పట్టి, రాళ్ళు సరిపోయినాయన్నాడు. చేను రేవతి పేరుకెక్కింది. అంకమ్మ పేరు మాత్రం ఆ రికార్డుల్లో యాడా ఎక్కలేదు. పూలమ్మ తర్వాత నేరుగా రేవతే.

పాసుబుక్కు చేతికొచ్చిన రోజు రాత్రి, ఇంట్లో ఉండలేక రేవతి ఒక్కతే బావి దగ్గరికి పోయింది. మళ్ళీ పిలుస్తుందేమోనని. ఈసారి పలుకుదామని.

గట్టు మీద చాలాసేపు కూర్చుంది. కప్పల చప్పుడు తప్ప ఏమీ లేదు.

కంపచెట్ల అవతల ఒక టార్చి కదిలింది. చుట్ట వాసన... దగ్గరికి, ఇంకా దగ్గరికి... నారాయణస్వామి. ఒక్కడే. ఈలపాట పాడుకుంటూ, ఇంటి వాకిట్లో తిరిగే మనిషి తిరిగినట్టు వస్తున్నాడు.

ఆమెను చూసి ఉలిక్కిపడలేదు.

"పేరెక్కె కదా పాపా? సంతోసం."

"ఈ పొద్దులో ఈడ తిరగతాండావే... నీకు బయ్యం లేదా అన్నా?"

నారాయణస్వామి చుట్ట పీల్చి, నవ్వాడు. "యాల బయ్యం? సచ్చిపోయిన సెల్లెలి పేరు సెప్పి దాన్ని పుట్టిచ్చిందే నేను."

ఊర్లో ఈ మాట చెప్పినా ఎవరూ నమ్మరని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు.

"అయితే ఆ రాత్రి... మా ఇంటికాడ నిలబడినప్పుడు... లోపలుండేది మా అమ్మ అని నీకు తెలుసు."

"తెలుసు."

చల్లటి గాలి కొట్టింది. అప్పుడు ఆమె అడిగింది — ఆ రాత్రి బాలప్ప అడిగిన ఆ ఒక్క మాట.

"బాయిలో పడుండే మా అమ్మకు... దోవన పొయ్యేది నేనని ఎట్లా తెలిసింది?"

నారాయణస్వామి టార్చి బావిలోకి వేసి, వంగి, నీళ్ళు ఎంతున్నాయో చూశాడు.

"నేనే సెప్తిని" అన్నాడు. "సందకాడి నుంచి ఈడనే, ఈ గట్టు మీదనే ఉంటిని. మలుపులో నీ బండి లైటు కనబడె. 'అంకమ్మా, మీ పాప వస్తాండాది, గెట్టిగా పిలువు' అంటిని. పాపం, ఉండే సత్తువంతా పెట్టి పిలిసె."

"యాల...? ఎందుకు సేస్తివి అట్లా?"

"ఊరికే... నిలుస్తావో, పరిగెత్తుతావో సూద్దామని." టార్చి ఆర్పేశాడు. చీకట్లో నుంచి గొంతు మాత్రం వినపడింది, మెత్తగా, జాలి పడినట్టు.

"నువ్వు నిలిసుంటే నేనే తాడు ఏసుందును పాపా. నువ్వే పోతివి."