విరిచి పెట్టిన పాటల డబ్బా

వైశాఖ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

సిరోంచ ఊరి నెత్తిన సూర్యుడు నిప్పుల కుంపటిలా మండుతున్నాడు. మనిషి నీడ మనిషి పాదాల కిందికే ముడుచుకుపోయే వేళ... అర్ధరాత్రి కంటే క్రూరమైన వేళ! ప్రాణహిత ఇసుక మీద వేడిగాలి సుడులు తిరుగుతోంది. పగలు కూయకూడని గుడ్లగూబ ఒకటి, అంగడి వెనుక మొండిగోడ మీద నుంచి మూడుసార్లు కూసింది.

ఆ కూత విన్నవాడు అంగట్లో మారయ్య ఒక్కడే.

మారయ్య పాత పాటల డబ్బాలు కొని అమ్ముతాడు. అరచేతిలో ఇమిడే ఎంపీత్రీ ప్లేయర్లు, మెమరీ కార్డు పెట్టే రేడియోలు, ఏనాటివో వాక్‌మన్లు. ఫోను సిగ్నల్ అందని అడవి ఊళ్లలో వాటికింకా గిరాకీ ఉంది. చెడినదాన్ని కొంటాడు, టంకం పెట్టి బాగుచేస్తాడు, మళ్లీ అమ్ముతాడు. కూతురు ప్రణాలి చెవిలో పెట్టుకుని వినిచూడనిదే ఏ డబ్బా చేయి మారదు. తల్లి లేని పిల్ల. పంతొమ్మిదేళ్లు. మంచి గొంతు. వచ్చే నెల నుంచి బడిలో పిల్లలకు పాటలు నేర్పే పని కుదిరింది.

మేకల కాపరి పెద్దయ్య ఒక డబ్బాను చాప మీద పెట్టాడు.

"ఏంది మారయ్యా, పోయిన అంగట్ల కొంటి. మేకల కాడికి పోంగనే బంద్ అయితాంది."

"మేకలు దానికంటె మంచిగ పాడుతున్నయేమో, సిగ్గు పడ్తాంది మామా!" అంది ప్రణాలి.

"పాటల పంతులమ్మవు అయితవట గదా, గీ నోటితోని పిల్లలను బతకనిస్తవా?"

ముగ్గురూ నవ్వారు. ఆ గొంతుతో ఆమె నవ్వడం ఆ రోజుకు అదే ఆఖరు!

నీడ పడని ఆ వేళ చాప మీద ఒక నీడ పడింది. పొడవాటి మనిషి. తెల్లటి ఇస్త్రీ చొక్కా, మండుటెండలో కంఠానికి చుట్టిన నల్లటి గుడ్డ. పేరు కృష్ణకాంత్. ఊరవతల పాడుబడిన కలప డిపోను కిరాయికి తీసుకుని ఆరునెలలైంది. టేకు వ్యాపారం అనుకున్నారు జనం.

కాదు... కాదు! వాడు మాంత్రికుడు! క్షుద్రదేవతలను పచ్చినెత్తురు పోసి పెంచిన ఘోర సాధకుడు! కానీ రెండేళ్లుగా వాడి కంఠాన్ని ఒక పుండు తినేస్తోంది. మంత్రానికి ప్రాణం ఉచ్చారణ. గొంతు లేని మాంత్రికుడు కోరలు పీకిన కాలసర్పం! వాడికొక గొంతు కావాలి... లేతది... పాడేది... బతికి ఉన్నది!

వాడు జేబులోంచి ఒక ఎంపీత్రీ ప్లేయర్ తీశాడు. మూత పగిలి ఉంది. ఇయర్‌ఫోన్ తీగ రెండు ముక్కలైంది.

"బాగు... చెయ్యి..." బుసలాంటి మాట.

మారయ్య దాన్ని తిప్పి చూశాడు. అరిగి తెగిన తీగ కొస పీచుపీచుగా ఉంటుంది. ఇది కొడవలితో కోసినట్టు నున్నగా ఉంది. మూత కిందపడి పగల్లేదు, రాయితో ఒక్క దెబ్బ కొట్టినట్టుంది. ఆ తేడాను మారయ్య కన్ను పట్టింది... మనసు పట్టలేదు. ఇరవై ఏళ్లుగా విరిగినదాన్ని అతకడమే తెలిసిన చేయి అది; ఎందుకు విరిచారని ఎన్నడూ అడగలేదు!

టంకం పొగ లేచింది. తీగ అతుకుపడింది. సెల్లు వేయగానే ఎర్రలైటు వెలిగింది. ప్రణాలి చెవుల్లో పెట్టుకుంది.

ఎవరో పడుచుపిల్ల గోండిలో పాడుతోంది. విత్తనాలు చల్లేటప్పటి పాట. ప్రణాలి పెదవులు దాంతోపాటు కదిలాయి. ఆమె కనుగుడ్లు పైకి తేలిపోయాయి. కృష్ణకాంత్ ఒక్క ఊపున డబ్బా లాక్కున్నాడు. రుమాల్‌లో చుట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

"బిడ్డా... ఏమైంది?"

ప్రణాలి నోరు తెరిచింది. ఆమె గొంతు రాలేదు! అదే గోండి పాట... అదే పరాయి గొంతు! గోండి ఒక్క ముక్క రాని పిల్ల నోట, తెంపు లేకుండా... అబ్బా... ఆ పాట!

దవాఖానలో చూశారు. గొంతుకు ఏ రోగమూ లేదన్నారు. మూడు రోజులు ఆమె తినలేదు, తాగలేదు, పాట ఆపలేదు. గుంటలు పడ్డ కళ్లలోంచి నీళ్లు మాత్రం ప్రణాలివే. బడి నుంచి మనిషి వచ్చి, గుమ్మంలో నిలబడి, విని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పొద్దున ఏటపల్లి బస్సు దిగి ఒక ముసలమ్మ వచ్చింది. పేరు దేవక్క. విరిగిన పాటల డబ్బా ఎవరన్నా తెచ్చారా అని అంగడి జాగాలో అడుగుతూ తిరిగి తిరిగి, మధ్యాహ్నం వేళకు మారయ్య గుమ్మం చేరింది. లోపలి పాట విని ద్వారబంధం పట్టుకుంది.

"ఇది నా బిడ్డ సరిత గొంతు! బిడ్డ పోయి రెండేండ్లాయె... నీ ఇంట్ల ఎట్ల పాడ్తాందే?"

మారయ్య చెప్పాడు. ఆమె కూలబడింది.

"మా ఊళ్ల పోయినోళ్ల వస్తువు ఇరిచి గోరి కాడ పెడ్తమన్నా. ఇరిస్తెనే అది ఆళ్లకు చేరుతది. బిడ్డకు పాటంటె పానం, నా చేతుల్తోనే కోసి పెట్టిన. మొన్న ఎవడో గోరి తవ్వి ఎత్కపోయిండు. నువ్వు అతికినవ్! ఆడికి పోయినదాన్ని ఈడికి గుంజినవ్!"

"నాకెర్క లేదక్కా..."

"తీగ కోసి ఉన్నది చూడలేదా?"

మారయ్య తల వంచుకున్నాడు. "...చూసిన."

సరిగ్గా అప్పుడే ప్రణాలి లేచింది. ఎవరో తాడు కట్టి లాగినట్టు, కళ్లు మూసుకునే, కలప డిపో వైపు నడిచింది! మారయ్యా దేవక్కా వెంట ఉరికారు.

మళ్లీ మిట్టమధ్యాహ్నం... కానీ ఆకాశం కాటుకలా నల్లబడింది. ప్రాణహిత మీద మెరుపులు కత్తులు దూస్తున్నాయి. ఫెళ... ఫెళ... ఫెళ! గుడ్లగూబల గుంపు డిపో చూరు మీద కిక్కిరిసి కూర్చుంది. లోపల బూడిదతో, కుంకుమతో గీసిన వలయం. కోసిన నల్లకోడి నెత్తురు ఇంకా ఆవిరులు కక్కుతోంది. నడుమ ఒక కపాలం! దాని చెవి రంధ్రాలకు... ఆ ప్లేయర్ ఇయర్‌ఫోన్లు! ఎర్రలైటు మిణుకుమిణుకుమంటోంది.

కపాలం ఎదుట కృష్ణకాంత్ మంత్రం చదువుతున్నాడు. వాడి నోటి నుంచి వస్తున్నది... ప్రణాలి గొంతు!

ఆ పిలుపుకు గోడలు చెమర్చాయి. మూలల్లో ఆకారం లేని నీడలు లేచి, ఆకలిగా ఊగసాగాయి. ప్రణాలి వలయం అంచున కుప్పకూలింది. ఊపిరి కొసకు వచ్చింది.

"దగ్గరికి రాకు మారయ్యా! గీత తొక్కితే నీ బిడ్డ ఇక్కడే బూడిద!"

కన్నకూతురి గొంతుతో ఆ బెదిరింపు! మారయ్య గీత ముందే ఆగిపోయాడు. భయం ఉన్నవాడు దాటలేని గీత అది. కపాలాన్ని చూసి బెదరనివాడు లోకంలో లేడన్న ధీమాతో వాడు గీసిన గీత!

దేవక్క ఆ కపాలాన్నే చూస్తోంది. ముందుపన్ను సగం విరిగి ఉంది.

"ఇప్పచెట్టు మీదికెల్లి పడ్డది," అంది మెల్లగా. "ఏడేండ్లప్పుడు. నెత్తురు ఆగకపోతే ఈపున ఏసుకొని ఉరికిన."

చెప్పులు విడిచింది. తన ఇంటి పొయ్యి దగ్గరికి నడిచినట్టు నడిచి గీత దాటేసింది!

"ఆగు! ఏయ్... ముసలీ!!"

నీడలు ఆమె మీదికి లంఘించాయి... ఆమె వాటిని చూడనేలేదు. కూర్చుని కపాలాన్ని ఒడిలోకి తీసుకుంది. కొంగుతో మట్టి తుడిచింది. జుట్టు ఉండాల్సిన చోట చేత్తో నిమిరింది.

"నా తల్లే... చెవులు నొస్తున్నయా బిడ్డా?"

ఒక్కొక్కటిగా ఇయర్‌ఫోన్లు తీసేసింది.

పాట ఆగింది! వలయం అంచున ప్రణాలి ఒక్కసారి ఎగిరిపడి, గొంతు చించుకుని అరిచింది... "బాపూ!!" ఆమె సొంత గొంతు!

కృష్ణకాంత్ నోరు తెరిచే ఉంది. మాట లేదు. పిలిచిన శక్తులు ఊరికే పోవు. పోవాలంటే ఉపసంహార మంత్రం పలకాలి. వాడి పెదవులు పలికాయి. నాలుక పలికింది. ధ్వని మాత్రం లేదు! నీడలు ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నాయి... ఏమీ వినబడలేదు... తమను పిలిచినవాడి వైపు తిరిగాయి!

పాదాల నుంచి మొదలై కంఠం దాకా వాడు నల్లగా కాలిపోయాడు. అంత మరణయాతనలోనూ కేక వేయడానికి వాడికి గొంతు లేదు! ఫెళఫెళమంటూ పిడుగు చూరును చీల్చుకుని దిగింది. పొగ వీడేసరికి కుంకుమ గీత మధ్య గుప్పెడు మసి. గాలి వచ్చి దాన్నీ ఊడ్చేసింది.

బయట వాన మొదలైంది. కూతుర్ని పొదివిపట్టుకున్న మారయ్య ప్లేయర్‌ను తీశాడు.

"అక్కా... నీ బిడ్డ పాట ఇండ్ల ఉన్నది. ఒక్కపారి ఇంటవా?"

దేవక్క చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"వద్దన్నా. ఇంటె ఇడువబుద్ధి కాదు. కోసియ్యి."

అతికిన చోటే కోశాడు. ఆమె ప్లేయర్‌నూ కపాలాన్నీ పాతచీరలో మూటకట్టుకుంది. సాయంత్రం ఏటపల్లి బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, జల్లు తగలకుండా మూట మీద కొంగు కప్పింది.

ఎంతమంది అని అడిగాడు కండక్టర్.

"ఇద్దరం," అంది.