పసరుమగ్గం

పాడేరు కొండల్లో ఇప్పుడు ఇంటింటికీ ఒక పసరుమగ్గం ఉంది. గోడకు తగిలించుకునే చిన్న పెట్టె. గుక్కెడు నీళ్లు, కాస్త బొగ్గుపొడి, చిటికెడు లవణాలు వేస్తే చాలు, అణువు పక్కన అణువును నేసి, మొక్క తన వేళ్లలో తయారు చేసుకునే మందునే తయారు చేస్తుంది. శాస్త్రవేత్తలు దాన్ని మాలిక్యులర్ లూమ్ అన్నారు. కనిపెట్టిన డాక్టర్ తారకేశ్వరి మాత్రం పసరుమగ్గం అనే పిలిచేది.

ఆమె దాన్ని కనిపెట్టింది బండాకు కోసం. మంచు పట్టే రాతి నెర్రెల్లో తప్ప ఎక్కడా బతకని మొక్క అది. దాని ఆకును నిప్పుల మీద వాడ్చి బెణుకులకు కడతారు. వేరు అరగదీసి మోకాళ్ల వాపుకు పట్టు వేస్తారు. బాలింతల నడుం నొప్పికి ఆ వేరు కషాయమే ఇస్తారు. వేరు తీస్తే మొక్క చచ్చినట్టే. రోప్‌వే వచ్చాక మైదానం జనం ఎగబడి తవ్వేశారు. ఒకే ఒక్క శిఖరం మీద కాసిని మొక్కలు మిగిలాయి.

మగ్గం వచ్చాక తవ్వకాలు ఆగుతాయనుకుంది తారకేశ్వరి. ఆగలేదు.

"మిషను పసరు పని చెయ్యట్లేదండీ. కొండదైతేనే గుణం," అనేవారు కొండకు వచ్చినవాళ్లంతా.

"రెండూ ఒకటే! రవ్వంత తేడా లేదు!" అని చెప్పి చెప్పి ఆమె గొంతు బొంగురుపోయింది. చివరికి విసిగి, అడిగితే మాటల్లో బదులిచ్చే ఆ మగ్గాన్నే నిలదీసింది. "నిజం చెప్పు. తేడా ఏమైనా ఉందా?"

"పసరులో లేదు," అంది మగ్గం. "తాగేవాళ్లలో ఉంది. కొండదని నమ్మితే మెదడు తన సొంత నొప్పి మందును కూడా కలుపుతోంది. యంత్రానిదని తెలిస్తే, ఉన్న మందును కూడా సరిగ్గా పనిచేయనివ్వడం లేదు."

"అయితే ఈసారి మనుషుల బుర్రలు నేసే యంత్రం చెయ్యమంటావా?"



ఆ శిఖరం కింది ఊళ్లో పాంగి చిలకమ్మ మందిస్తుంది. ఆమె చేతి మందంటే చుట్టుపక్కలంతా గురి. తారకేశ్వరి ఒక మగ్గాన్ని మోయించుకెళ్లి ఆమె ఇంటి వెనక గదిలో పెట్టించింది.

"ఇది నీ చేత్తో ఇవ్వు అక్కా. కొండదే అని చెప్పు. లేకపోతే ఆ నాలుగు మొక్కలూ మిగలవు."

"అబద్దమాడమంతావేటి డాక్టరమ్మా?"

"మందు నిజమేగా!"

చిలకమ్మ ఆలోచించి ఒప్పుకుంది. ఏదో అడవి వేరును బండ మీద అరగదీసి, మగ్గం పసరు కలిపి, అడ్డాకు దొప్పలో పోసి ఇచ్చేది. తూర్పు తిరిగి తాగమనేది. తాగినవాళ్లు ఊతకర్రలు అక్కడే పారేసి దిగిపోయేవారు. తవ్వకాలు ఆగిపోయాయి. తారకేశ్వరికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

వానాకాలంలో ఆమే జారిపడింది. మోకాలు బూరెలా పొంగింది. తన మగ్గం పసరే తాగింది. తగ్గలేదు. లెక్కలు సరిచూసి, ఇంకో దొప్ప తాగింది. మెట్టు ఎక్కలేకపోయింది. తన మీద తనకే ఒళ్లు మండింది. అయినా కుంటుకుంటూ వెళ్లి చిలకమ్మ గుమ్మంలో కూలబడింది.

"అక్కా, నన్ను తిట్టకు. ఒక్క వేరు. నిజంది."

చిలకమ్మ ఆమె వంక ఎగాదిగా చూసి, గునపం పట్టుకుని కొండెక్కింది. మట్టి చేతులతో దిగి వచ్చి, వేరు అరగదీసి పట్టు వేసింది, పసరు తాగించింది. సాయంత్రానికల్లా తారకేశ్వరి లేచి నడిచింది. మర్నాడు పరుగులాంటి నడక.

కానీ మనసు ఊరుకోలేదు. మొక్కను చంపానన్న దిగులుతో మళ్లీ చిలకమ్మ దగ్గరికి పోయింది.

"ఎక్కడ తవ్వావో చూపించు అక్కా. అక్కడ ఇంకో మొక్క బతికిస్తాను."

"తవ్వడమేటి!" చిలకమ్మ కసిరింది. "ఆ మొక్కల జోలికి నానెందుకెల్తాను? అరగదీసింది పిచ్చి వేరు. తాగింది నీ మిషను పసరే."

తారకేశ్వరికి మోకాలు కలుక్కుమంది. గుమ్మం పట్టుకుని మెల్లగా చతికిలబడింది.

"ఇంకో వారం ఆగి చెప్పకూడదా అక్కా, పూర్తిగా తగ్గనిచ్చి!" అంది ఏడుపు గొంతుతో.