కోరుట్లలో శుక్రవారం సిగ్నల్

ఇంటికి ఫోన్ చేసి పెట్టేసిన కాసేపటికే మన ఏజెంటు దేవయ్య రియాద్‌లో హత్యకు గురయ్యాడు. విదేశీ ముఠా కోరుట్లలో దొంగ టవరు పెట్టింది. అక్కడికి వచ్చే కాల్‌ను లాక్కుని, చేసినవాడి ఆచూకీ పట్టేస్తోంది.

"ఆ ముఠా మీద దేవయ్యతోపాటు సాక్ష్యం చెప్పాల్సిన రెండోవాడు కూడా రియాద్‌లోనే దాక్కున్నాడు," అన్నాడు చీఫ్. "కోరుట్లలో ఉన్న భార్యకు ఫోన్ చేస్తాడు. పేర్లు తెలియవు. ఆలోపు టవరు పట్టుకో."

ఏజెంట్ శ్రీహరి కళ్లు నిద్రలేక మండుతున్నాయి. పుట్టింది కోరుట్ల దగ్గరి మల్లాపూర్‌లో. అన్నలిద్దరూ గల్ఫ్‌లోనే. ఎన్నాళ్లీ చాకిరీ అని విసుగొచ్చింది.

జగిత్యాల లాడ్జిలో, అతనికి సాయంగా వచ్చిన నెట్‌వర్క్ ఇంజనీర్ లత లాప్‌టాప్ అతనివైపు తిప్పింది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ధర్మపురి పిల్ల, అన్న రియాద్‌లో ఉన్నాడట.

"నాది స్నాప్‌షాట్ సిమ్యులేషన్. ఫోన్లను ఊరంత చల్లి, ఫొటో తీసినట్టు ఒక్క క్షణం లెక్కేస్త. సెలవు ఆదివారం గదా, గా రష్‌లనే దొంగ టవరు ఆన్ చేస్తరు. గియ్యాల పండుకో సార్."

శ్రీహరి తన మోడల్ తెరిచాడు. అది గడియారంతోపాటు నడిచే రకం. అందులో ఫోన్లు కదులుతాయి, మోగుతాయి, లైను దొరక్క మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి.

"గల్ఫ్‌ల సెలవు శుక్రారం. అంటే గియ్యాల. కోరుట్లల పాలు తాగే పోరనికి గూడ ఎర్కే. నువ్వు తెల్వక అన్నవా, తెలిసే అన్నవా?"

లత చేయి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. శ్రీహరి పెన్ను నొక్కాడు. మత్తు సూది ఆమె భుజంలో దిగింది, బ్యాగులోంచి పిస్తోలు జారిపడింది. ఆమెకు దొరికిన నిద్ర చూసి అతనికి అసూయ పుట్టింది.

గల్ఫ్ సెలవు కాల్స్ తాకిడికి మధ్యాహ్నానికి కోరుట్ల లైన్లన్నీ జామ్ కావాలంది అతని మోడల్. అసలు నెట్‌వర్కూ అలాగే ఉంది, బీడీల కంపెనీ వెనక గల్లీ తప్ప. అక్కడి ఫోన్లు హాయిగా కలుస్తున్నాయి. అంటే వాటిని మోసేది మన టవరు కాదు.

గల్లీలో సిరిసిల్ల చీరల వ్యాను ఆగి ఉంది. తలకు రుమాలు చుట్టి, బేరగాడిలా వెళ్లి తలుపు లాగాడు. చీరల వెనక యాంటెన్నా. ఆపరేటరు తేరుకునేలోపు దవడ పగిలింది. తెరమీద రియాద్ మ్యాపు ఊరి నుంచి వీధికి, వీధి నుంచి ఒక ఇంటికి దిగుతోంది. శ్రీహరి రెండు చేతులా వైరు పీకేశాడు. తెర ఆరిపోయింది.

ఎదురింటి అరుగుమీద బీడీలు చుడుతున్న ఆమె గట్టిగా అరిచింది. "హలో! ఓయ్, ఇనవడ్తుందా? అయ్యో, లైన్ వాయె!"

సాక్షి భార్య ఈమేనని శ్రీహరికి అర్థమైంది. ఆమె మొగుడు బతికాడు. ఆ మాట చెప్పడానికి వీల్లేదు.

"మల్ల చేస్తడు తియ్యి చెల్లె."

"ఎప్పుడు చేస్తడన్నా? ఎన్నొద్దులకో గియ్యాల గొంతు ఇన్న. లైన్ కట్ చేసినోని చేతులిరుగ!"

శ్రీహరి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.