ముగ్గురు తాతలు, ఒక డ్యూటీ

"డ్యూటీ అంటే నీ లెక్కల ఏంది?" అని అడిగింది మా సింధూజ, నోటుబుక్కు పట్టుకుని.

వానకు మా వరండాలో నిలబడ్డ కమలాకర్ తల తుడుచుకుంటూ, "ఈ వారం నైటు. వచ్చే వారం డే," అన్నాడు.

అది పకపకా నవ్వింది. పిల్లవాడి చెవులు ఎర్రబడ్డాయి. వాన తగ్గకముందే వెళ్ళిపోయాడు.

సింధూజ నా కొడుకు మల్లేష్ బిడ్డ. ఇక్కడ సూరత్‌లోనే పుట్టింది, ఇక్కడే ఎమ్మే చదువుతోంది. మంచితనం, బాధ్యత, సుఖం, వీటిలో మనిషికి ఏది ముఖ్యమో పాతకాలపు పెద్దలు చెప్పినవన్నీ పక్కపక్కన పెట్టి సెమినార్‌లో మాట్లాడాలట. ఆ పెద్దల పేర్లకు నా నోరు తిరగదు. అందుకని గ్రీకు తాత, జర్మనీ తాత, ఇంగ్లండు తాత అని పెట్టుకున్నాను. కమలాకర్ మా వెనక గల్లీలో ఉంటాడు, సిరిసిల్ల వైపు వాడు. ఖాతాలో పని. మరమగ్గాల షెడ్డును ఈ ఊళ్ళో ఖాతా అంటారు. మా మల్లేష్‌దీ వేరే ఖాతాలో అదే పని.

మూడో రోజు మళ్ళీ వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"నవ్వినవు గదా, ఇప్పుడు చెప్పు. డ్యూటీ అంటే షిఫ్టు గాకుంటే ఇంకేంది?"

"అరే, గుస్సా ఎందుకు? బైఠో," అంది సింధూజ. "జర్మనీ తాత ఏమంటడంటే, ఇష్టమున్నా లేకున్నా చెయ్యవలసింది చేసుడే డ్యూటీ. ఫాయిదా చూడొద్దు."

"మా సేఠ్ గూడ గదే అంటడు."

"ఇంగ్లండు తాత ఏమో, ఎక్కువ మందికి ఎక్కువ సుఖం ఏదైతే అదే మంచి పని అంటడు."

"మా సేఠ్ అట్లైతే అనడు. మరి గ్రీకాయన?"

"మంచితనం అలవాటు మీద వస్తదట. మంచి పని చేస్తా చేస్తా మంచోడివైతవు. సుఖం గూడ అండ్లనే ఉంటదట."

కమలాకర్ గాలిలో రెండు వేళ్ళతో ముడి వేసి చూపించాడు. "అంటే ముడి లెక్క. పోగు తెగితే ముడేసుడు మొదట్ల నాకు అస్సలు రాలె. ఇప్పుడు కండ్లు మూసుకొని ఏస్త."

సింధూజ పెన్ను కింద పెట్టి, అప్పుడు చూసింది వాడి వైపు సరిగ్గా. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూడనట్టే ఉన్నాను. నా పెనిమిటి కూడా అంతే, పక్కవాడి మగ్గం మీద తెగిన పోగు కనబడితే ముడి వేయకుండా ముందుకు కదిలేవాడు కాదు. ఆయన వేళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళలో మెదులుతాయి.

ఆ తరువాత కమలాకర్‌కు ముగ్గురు తాతల మీద చాలా అనుమానాలు వచ్చాయి. వారానికి నాలుగు అనుమానాలు. వచ్చినప్పుడల్లా మా మల్లేష్‌ను "కాకా, మంచిగున్నవా?" అని పలకరించేవాడు. కాకా అంటే చిన్నాయన, ఈ ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ అట్లా పిలవడం అలవాటే కదా.

దీపావళి దాటాక సింధూజ తండ్రికి చెప్పేసింది. మల్లేష్ గోడ మీది క్యాలెండర్ తిప్పి తిప్పి చూశాడు. చివరికి, "బేస్తారం పొద్దుగాల పదింటికి రమ్మను. చెప్పిన టైముకు వస్తే మాట్లాడ్త. రాకుంటే ఈ ముచ్చట ఇంట్ల మళ్ళ ఎత్తొద్దు," అన్నాడు.

బేస్తవారం వచ్చింది. కాలం కాని కాలంలో ముసురు పట్టింది. మల్లేష్ సెలవు పెట్టి, తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. పదికి పది నిమిషాలుందనగా సింధూజ ఫోను మోగింది.

"రాలేను," అన్నాడు కమలాకర్, మగ్గాల చప్పుడు మీదుగా అరుస్తూ. "నాతోని షిఫ్టు మారే జోడీ సోమలింగం భార్యకు నొప్పులొచ్చినయి. దవాఖానకు పోయిండు. ఆయన డ్యూటీ నేనే చూస్తున్న."

"ఒక్క గంట ఎవరికన్న అప్పజెప్పు!"

"ఎవ్వలు లేరు, సింధూ..."

ఫోను కట్ అయింది. "డ్యూటీ అంట, డ్యూటీ! జర్మనీ తాతను పెండ్లి చేసుకొమ్మను!" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. పదకొండయ్యాక మల్లేష్ లేచి, గొడుగు తీసుకుని బయటికి వెళ్ళాడు.

మధ్యాహ్నం కమలాకర్ వచ్చాడు. ఒళ్ళంతా తడిసి ఉంది. చేతిలో మల్లేష్ గొడుగు, మడిచిన మడత మడిచినట్టే.

"గొడుగుండి తడుసుడేంది, బిడ్డా?"

"కాకాది గదా అవ్వా... తెరవబుద్ధి కాలె." గొడుగు గోడకు ఆనించాడు. "ఖాతాకొచ్చిండు. నన్ను పక్కకు జరిపి మగ్గాల కాడ నిలవడ్డడు. గొడుగిచ్చి పొమ్మన్నడు. చప్పుట్ల ఒక్క మాటే సమజైంది. 'ఇంక నన్ను కాకా అనకు' అన్నడు." తడి చొక్కా అంచు పిండుకున్నాడు. "అయిపోయింది, అవ్వా. మీకు చెప్పి పోదామని వచ్చిన."

తలుపు తెరుచుకుంది. సింధూజ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు మాత్రం నవ్వు ఆగలేదు.

"ఓరి పిచ్చి పిలగా! వాడు నీకు కాకా అయితే, వాని బిడ్డ నీకేమైతది?"

వాడు వేళ్ళ మీద లెక్క పెట్టినట్టు ఆలోచించాడు. "చెల్లె..."

"ఛీ!" అంది సింధూజ.

"ఛీ!" అన్నాడు వాడూ. అప్పుడు తెలిసింది వాడికి. గోడకు ఆనుకుని అక్కడే కూలబడ్డాడు.

నేను చాయ పెట్టడానికి లోపలికి వెళ్ళాను కానీ చెవులు బయటే ఉన్నాయి.

"నిజం చెప్పు. ఏ తాత మాట విని ఆగినవు?"

"తాతలెవ్వలు యాదికి రాలె. నువ్వే యాదికొచ్చినవు. గని పోగు తెగింది, చెయ్యి అటే పోయింది."

"గట్లనే ఉండు," అంది సింధూజ మెల్లగా.

సాయంత్రం సోమలింగం ఫోను చేశాడు. ఆడపిల్ల పుట్టిందట, డ్యూటీకి వస్తున్నాడట. మల్లేష్‌ను తీసుకురావడానికి ఇద్దరూ ఒకే గొడుగులో బయలుదేరారు. ఈసారి గొడుగు తెరిచారు.

తరువాతిది సింధూజ చెప్పింది. ఖాతా గుమ్మంలో నిలబడి కమలాకర్ మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడట. నాలుగోసారి పిలిచాడట, "మామా!"

ఆ మోతలో మల్లేష్‌కు ఎట్లా వినబడిందో మరి, తల తిప్పి చూశాడట. తెల్లచొక్కా నిండా దూది నూగు. చేతిలో ఒక పోగు తెగి ఉందట.

ముందు దానికి ముడి వేశాడట. తరువాతే నవ్వాడట.